బీమా కోసం చదవకు

చిరంజీవి కౌశిక్‌కు,

నీ ఉత్తరం అందింది. కౌంటీ వాళ్లు రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తామంటున్నారు, డరమ్ యూనివర్సిటీలో గణితం సీటూ చేతిలో ఉంది, రెంటిలో ఏది వదులుకోవాలో చెప్పమన్నావు. అమ్మ డిగ్రీలో చేరమంటోందనీ, ఆట ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి చదువు బీమాలా పడి ఉంటుందని ఆవిడ వాదననీ రాశావు. మీ అమ్మ భయంలో న్యాయం ఉంది. ఒక్క మోకాలి గాయంతో బ్యాటర్ జీవితం ముగిసిపోవచ్చు. కౌంటీలు పద్దెనిమిదే, ఒక్కో జట్టులో చోటు కొద్దిమందికే. రెండేళ్లయ్యాక కాంట్రాక్టు పొడిగిస్తారన్న పూచీ ఎవరూ ఇవ్వరు. అయినా ఆవిడ చూపిన కారణంతో నేను ఏకీభవించలేను. ఆవిడ చెప్పిన దారి మంచిదే కావచ్చు, ఆ దారిలో వెళ్లడానికి చెప్పిన కారణం మాత్రం మంచిది కాదు. బీమా కోసం చదివే చదువు చదువుగా నిలవదు, ఆటనూ నిలబెట్టదు. ఎందుకంటున్నానో చెప్పడానికి నువ్వు పేరు విని ఉండే ఒక మనిషి జీవితాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. ఆయన మిడిల్‌సెక్స్ ఆటగాడు మైక్ బ్రియర్లీ.

ఇంగ్లండులో చాలామందికి ఆయన 1981 యాషెస్ కెప్టెన్‌గానే గుర్తు. నీకు పనికొచ్చే కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1942లో హారోలో పుట్టాడు. తండ్రి హొరేస్ బడిపంతులు, యార్క్‌షైర్‌కూ మిడిల్‌సెక్స్‌కూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మ్యాచ్‌లు ఆడినవాడు. మైక్ కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి ముందు గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, ఆ తర్వాత తత్వశాస్త్రం చదివాడు. మొదటిదాంట్లో ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ నాలుగేళ్లలోనే యూనివర్సిటీ జట్టుకు నాలుగు వేల పైచిలుకు పరుగులు చేశాడు, చివరి రెండేళ్లు కెప్టెన్‌గా ఉన్నాడు. 1966-67 శీతాకాలంలో ఎంసీసీ అండర్-25 జట్టును పాకిస్తాన్‌కు తీసుకెళ్లి, పెషావర్‌లో ఒక్క రోజులో 312 నాటౌట్ కొట్టాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. ఇక ఇంగ్లండు జట్టులోకి రావడమే తరువాయి అని ఎవరైనా అనుకునే స్థితి. అలాంటివాడు 1968లో న్యూకాజిల్ యూనివర్సిటీకి తత్వశాస్త్రం లెక్చరర్‌గా వెళ్లిపోయాడు. 1971 దాకా అక్కడే పాఠాలు చెప్పాడు. కౌంటీ క్రికెట్ సెలవుల్లో వీలైనంత మట్టుకే. ఒక బ్యాటర్ కళ్లూ కాళ్లూ బాగా మాట వినే ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిదేళ్ల మధ్య కాలాన్ని ఆయన తరగతి గదికి ఇచ్చాడు.

ఆ తర్వాత మిడిల్‌సెక్స్ కెప్టెన్సీ ఇస్తామని పిలిచింది, వెళ్లాడు. 1947 తర్వాత కౌంటీ చాంపియన్‌షిప్‌ను ఒంటరిగా గెలవని జట్టు అది. ఆయన చేతికి వచ్చిన అయిదేళ్లకు, 1976లో గెలిచింది. 1977లో కెంట్‌తో కలిసి పంచుకుంది, 1980లోనూ 1982లోనూ మళ్లీ గెలిచింది. టెస్టు జట్టులో మొదటిసారి ఆడేనాటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. ఆడిన 39 టెస్టుల్లో 31కి కెప్టెన్. వాటిలో 18 గెలుపులు, 4 ఓటములు. ఇంత జరుగుతున్నా చదువు ఆగలేదు. మనోవిశ్లేషణలో శిక్షణ మొదలుపెట్టి, దానికోసం విదేశీ పర్యటనలు మానుకుని, 1980లో ఇంగ్లండు కెప్టెన్సీ వదిలేశాడు. మరుసటేడు కష్టకాలంలో పిలిస్తే వచ్చి, పని పూర్తిచేసి వెళ్లిపోయాడు. 1982లో ఆటకు స్వస్తి చెప్పాక దశాబ్దాల పాటు మనోవిశ్లేషకుడిగా పనిచేశాడు. 2008 నుంచి 2010 దాకా బ్రిటిష్ సైకో అనలిటికల్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1985లో కెప్టెన్సీ మీద రాసిన పుస్తకం ఇప్పటికీ ఆటగాళ్లే కాదు, ఆఫీసులు నడిపేవాళ్లూ చదువుతున్నారు.

ఈ కథ విన్నవాళ్లు చప్పున ఒక నిర్ణయానికి వస్తారు: పెద్ద చదువు చదివాడు కాబట్టి పెద్ద కెప్టెన్ అయ్యాడని. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ రాడ్నీ హాగ్ అయితే ఆయనకు మనుషుల విషయంలో డిగ్రీ ఉందన్నాడని ప్రసిద్ధి. మెచ్చుకోలుగా అది బాగానే ఉంది, కానీ నేను దాన్ని నమ్మమనను. ఆయన డిగ్రీ మనుషుల్లో కాదు, గ్రీకు, లాటిన్లలోనూ తర్కంలోనూ. అవి బాగా చదివి కూడా పక్కవాడి మనసు పట్టించుకోని పండితులు ఎక్కడైనా ఉంటారు. పైగా చదువే ఆటనిచ్చేదైతే ఆయన బ్యాటింగూ బాగుపడాలి. టెస్టుల్లో 66 ఇన్నింగ్స్ ఆడి ఒక్క సెంచరీ చేయలేదు. సగటు 22.88, అత్యధికం 1977లో ముంబయిలో చేసిన 91. తత్వశాస్త్రం ఆయనకు కవర్ డ్రైవ్ నేర్పలేదు. కాబట్టి ఏ మార్కుల జాబితా నుంచీ ఏ విజయమూ నేరుగా పుట్టదని ముందే ఒప్పుకుందాం. మరి ఆ చదువు ఇచ్చిందేమిటి? ఆయన ఆడించిన కొన్ని మ్యాచ్‌లను దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

1977 ఆగస్టులో లార్డ్స్‌లో సర్రేతో జరిగిన మూడు రోజుల మ్యాచ్ తీసుకో. ఆటలో ఎక్కువ భాగం వానకు పోయింది. చివరి రోజు తడి పిచ్ మీద సర్రే 49 పరుగులకే కూలింది. వేరే కెప్టెన్ ఎవరైనా తన జట్టును బ్యాటింగ్‌కు దింపి, ఆధిక్యం కూడబెట్టి, మొదటి ఇన్నింగ్స్ పాయింట్లతో సంతోషించి, సాయంత్రానికి డ్రాగా ముగించేవాడు. అందరూ చేసేది అదే. బ్రియర్లీ తనను తాను వేసుకున్న ప్రశ్న వేరు: ఇప్పుడు నాకు కావలసినదేమిటి, ఆధిక్యమా, టైమా? గెలవాలంటే సర్రేను ఈ పిచ్ ఆరేలోపు ఇంకోసారి అవుట్ చేయాలి, ఆ తర్వాత కొట్టడానికి టైమ్ మిగలాలి. అలాంటప్పుడు తన మొదటి ఇన్నింగ్స్ తనకే అడ్డం. ఆడకుండానే మొదటి ఇన్నింగ్స్ వదులుకోవడానికి అప్పటి నిబంధనలు ఒప్పుకోవు, డిక్లేర్ చేయడానికి మాత్రం ఎప్పుడైనా ఒప్పుకుంటాయి. అందుకని తన ఓపెనర్లను పక్కనపెట్టి వేరే ఇద్దరిని బ్యాట్లతో పంపాడు, వాళ్లు ఒక్క బంతి ఆడారు, సున్నా పరుగులకు వికెట్ పోకుండా డిక్లేర్ చేశాడు. సర్రే మళ్లీ 89కే అవుటయింది. మిడిల్‌సెక్స్ 139 కొట్టాలి. ఒక్క వికెట్ మాత్రం పోగొట్టుకుని గెలిచింది. ఆ ఏడు టైటిల్ కెంట్‌తో సమానంగా పంచుకున్న సంగతి గుర్తు తెచ్చుకుంటే, ఆ ఒక్క బంతి ఇన్నింగ్స్ విలువెంతో తెలుస్తుంది.

ఇక్కడ పనిచేసింది తెలివితేటల మెరుపు ఒక్కటే అని నేననుకోను. అందరూ ఒక పనిని ఎందుకు చేస్తున్నారో అడిగి, ఆ కారణం ఈ పూటకు వర్తిస్తుందా లేదా అని చూసే అలవాటు అది. నిబంధన ఏమంటోంది, ఏమనడం లేదు అని అక్షరం అక్షరం చదివే అలవాటు. తత్వశాస్త్రం తరగతిలో రోజూ జరిగే పని అదే, గణితం తరగతిలోనూ అదే. అయితే ఈ అలవాటుకు రెండో ముఖమూ ఉంది, అదీ చెప్పాలి. 1979 నవంబరులో సిడ్నీలో వెస్టిండీస్ చివరి బంతికి మూడు పరుగులు చేయాల్సి ఉండగా, బ్రియర్లీ వికెట్ కీపర్‌తో సహా ఫీల్డర్లందరినీ బౌండరీ దగ్గర నిలబెట్టాడు. నిబంధనల్లో దానికి అడ్డేమీ లేదు, ఇంగ్లండు గెలిచింది. తర్వాత నిబంధనలే మారాయి. నాకు ఆ పని నచ్చదు, ఆటను చూడడానికి వచ్చినవాళ్లను అది చిన్నబుచ్చింది. కానీ లార్డ్స్‌లోనూ సిడ్నీలోనూ పనిచేసిన బుర్ర ఒకటే. పదునైన పరికరం దేనికి వాడుకోవాలన్నది వాడేవాడి విచక్షణ. చదువు పదును పెడుతుంది, విచక్షణను దానంతటది ఇవ్వదు.

1981 హెడింగ్లీ టెస్టు కథ నీకు కంఠతా వచ్చే ఉంటుంది కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. ఫాలో ఆన్‌లో 135కు 7 వికెట్లు పోయిన స్థితి నుంచి బోథమ్ 149 నాటౌట్‌తో ఇంగ్లండును 356కు చేర్చాడు. 130 కొట్టాల్సిన ఆస్ట్రేలియా 56కు 1 దగ్గర నుంచి 111కు ఆలౌటయింది. విల్లిస్‌కు 43 పరుగులకు 8 వికెట్లు. గెలిపించింది బోథమ్, విల్లిస్‌లే, ఇద్దరిలో ఎవరూ యూనివర్సిటీకి వెళ్లినవాళ్లు కాదు. బ్రియర్లీ చేసినది చిన్న పని. కొండెక్కుతున్నట్టు, గాలికి ఎదురుగా బౌలింగ్ చేస్తున్న విల్లిస్ కర్క్‌స్టాల్ లేన్ వైపు నుంచి వేస్తానంటే విని మార్చాడు. నోబాల్స్ సంగతి మరిచిపోయి వేగంగా వేయమన్నాడు. ఆ నోబాల్ బెంగే విల్లిస్‌ను వెనక్కి లాగుతోందని గ్రహించడానికి, ఎదుటివాడు చెప్పేదానితో పాటు చెప్పనిదాన్నీ వినాలి. ఇది గ్రీకు నేర్పలేదు. సీజన్ లేని శీతాకాలాల్లో మానసిక ఇబ్బందుల్లో ఉన్న పిల్లల మధ్య పనిచేయడం, తర్వాత మనోవిశ్లేషణ శిక్షణ, అన్నిటికంటే పదేళ్లు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో గడపడం నేర్పాయి. ఆయన దగ్గర చదువు ఆటలోకి వెళ్లింది, ఆట చదువులోకి వచ్చింది. కెప్టెన్సీ మీద పుస్తకాన్ని ఆటను వదిలిన మూడేళ్లకే రాయగలిగాడంటే అందుకే.

ఇప్పుడు నువ్వు వేయబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. న్యూకాజిల్‌కు వెళ్లకుండా ఆ మూడేళ్లూ బ్యాటు పట్టుకుని ఉంటే ఆ 22.88 నలభై అయ్యేదేమో కదా అని. అయ్యేదేమో. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో పాతిక వేల పరుగులు, 45 సెంచరీలు, 37.81 సగటు ఉన్న బ్యాటర్ టెస్టుల్లో అంత తక్కువగా మిగిలిపోవడంలో ఆలస్యంగా రావడానికీ పాత్ర ఉండవచ్చు. ఆయన మూల్యం చెల్లించాడు, దాన్ని దాచిపెట్టడం నీకు మేలు చేయదు. అయితే ఆయన ఆ మూల్యాన్ని తెలిసి చెల్లించాడు, ఎందుకంటే కొన్నది తనకు నిజంగా కావలసినది. భయంతో చదివేవాడు కూడా మూడేళ్లూ పోగొట్టుకుంటాడు, తీరా చేతికొచ్చేది కావాలనుకున్నది కాదు కాబట్టి రెండు విధాలా నష్టపోతాడు. చదువును బీమాగా చూడవద్దంటున్నది ఇందుకే. బీమా డబ్బు చేతికి రావాలంటే నష్టం జరగాలి. ఆటలో బాగా రాణించిన ప్రతి ఆదివారమూ ఆ చదువు దండగగా కనిపిస్తుంది, అవుటైన ప్రతి ఆదివారమూ అదే దిక్కని అనిపిస్తుంది. అలా ఊగిసలాడే మనసుతో ఒక సిద్ధాంతానికి నిరూపణా రాయలేవు, సాయంత్రం వెలుతురులో కొత్త బంతినీ ఆడలేవు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అది ఇంకో కాలం, ఇంకో వర్గం కథ అని. నిజమే. ఆయన కేంబ్రిడ్జిలో చేరేనాటికి ఇంగ్లండులో డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లు వేరు, తీసుకునేవాళ్లు వేరు. ఆ తేడా 1962 చివర్లోనే పోయింది. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి జట్ల మ్యాచ్‌లకూ ఫస్ట్ క్లాస్ హోదా ఉండేది. మన హైదరాబాద్ అబ్బాస్ అలీ బేగ్ 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగానే భారత జట్టు పిలిచి మాంచెస్టర్‌లో ఆడిస్తే, మొదటి టెస్టులోనే 112 కొట్టాడు. తర్వాత సోమర్‌సెట్‌కూ ఆడాడు. ఇప్పుడు యూనివర్సిటీ మ్యాచ్‌లకు ఆ హోదా లేదు, కౌంటీ ఆటగాడికి ఏడాది పొడుగునా పని. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. కేంబ్రిడ్జి వంటి చోట పుట్టి పెరగనివాళ్లూ ఆ దారిన నడిచారు. బార్బడోస్ నుంచి వచ్చిన రూడీ వెబ్‌స్టర్ ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూ వార్విక్‌షైర్‌కు బౌలింగ్ చేశాడు, తర్వాత క్రీడా మనస్తత్వ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. నీకు సీటొచ్చిన డరమ్‌లోనే ఇంగ్లండు మాజీ ఓపెనర్ గ్రేమ్ ఫౌలర్ 1996లో విద్యార్థులు చదువుకుంటూ గట్టి క్రికెట్ ఆడేందుకు ఒక కేంద్రాన్ని మొదలుపెట్టాడు. అలాంటివి తర్వాత మరికొన్ని యూనివర్సిటీల్లోనూ వచ్చాయి. డరమ్‌లో ఎకనామిక్స్ చదివిన ఆండ్రూ స్ట్రాస్ 2009లో ఒకసారి, 2010-11లో ఒకసారి యాషెస్ గెలిపించిన కెప్టెన్ అయ్యాడు. సదుపాయం ఉంది. దాన్ని వాడుకునే ఓపిక నీలో ఉందా అన్నదే తేల్చుకోవాలి.

మూడోది మన ఇళ్లలో తప్పకుండా వచ్చే మాట: లక్ష్మణ్ సంగతేమిటి? విజయవాడ డాక్టర్ల కొడుకు, వైద్యం వదిలి క్రికెట్‌ను ఎంచుకున్నాడు, చూడు ఎంత ఎత్తుకు వెళ్లాడో అంటారు. లక్ష్మణ్ నిర్ణయం గౌరవించదగినది. వైద్యం పక్కన పెట్టుకుని చేసే పని కాదు, ఆయన ఒకదాన్ని ఎంచుకుని దానికి పూర్తిగా కట్టుబడ్డాడు. కానీ అలాగే వదిలేసి వచ్చి రంజీ దాకా కూడా చేరని కుర్రాళ్ల పేర్లు నీకూ నాకూ తెలియవు, వాళ్ల గురించి ఎవరూ రాయరు. ఇదే మాట బ్రియర్లీకీ వర్తిస్తుంది. గెలిచినవాళ్లను ముందుపెట్టి దారి నిర్ణయించుకోవడం ప్రమాదం. అందుకే ఆయన గెలుపుల కంటే ఆయన పద్ధతిని చూడమంటున్నాను. ఎక్కడున్నా రెండోదాని తాడు తెగనివ్వలేదు. లెక్చరర్‌గా ఉన్నప్పుడు సెలవుల్లో బ్యాటు పట్టాడు, కెప్టెన్‌గా ఉన్నప్పుడు శీతాకాలాల్లో క్లినిక్‌కు వెళ్లాడు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఒక కొత్త శాస్త్రంలో విద్యార్థిగా కూర్చోగలిగాడంటే, పుస్తకం ముందు కూర్చునే అలవాటు మధ్యలో ఎక్కడా చావలేదు కాబట్టే.

ఇక్కడే నీకూ ఆయనకూ తేడా వస్తుంది, నా సలహా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఆయన చేరిన రంగాలు వయసుతో పాటు పండేవి. తత్వశాస్త్రంలోనూ మనోవిశ్లేషణలోనూ నలభై ఏళ్ల అనుభవం బలం. నీది గణితం. క్రికెట్ అంటే ప్రాణం పెట్టిన గణితవేత్త, మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ, గణితం పడుచువాళ్ల పని అని 1940లోనే రాశాడు. దాన్ని అక్షరాలా నమ్మక్కర్లేదు, యాభై దాటాక గొప్ప పని చేసినవాళ్లూ ఉన్నారు. కానీ పునాది వరకూ ఆయన మాట నిజం. రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య రోజుకు అయిదారు గంటలు కూర్చుని పట్టాల్సినవి. ముప్పై నాలుగేళ్లకు, కౌంటీ వదిలేశాక, మొదటి నుంచి మొదలుపెట్టి పట్టడం చాలా కష్టం. బ్యాటర్‌కు మాత్రం ఇరవై ఒకటి ఆలస్యం కాదు. బ్రియర్లీ టెస్టుల్లోకి వచ్చిన వయసు చెప్పాను కదా. ఆగగలిగినది ఏదో చూసి దాన్ని ఆపాలి. నీ విషయంలో కాంట్రాక్టు ఆగగలదు, గణితం అంత సులువుగా ఆగదు.

అందుకే నా తీర్పు ఇది: గణితాన్ని నువ్వు నిజంగా కోరుకుంటే డరమ్ వెళ్లు. క్రికెట్ అద్భుతంగా సాగిపోతుందని, ఏ గాయమూ తగలదని, ఇంగ్లండు జట్టులోకి వెళ్తావని ఎవరో రాసిచ్చారనుకో. అప్పుడు కూడా నీకు ఆ మూడేళ్ల గణితం కావాలనిపిస్తే అది కోరిక. అనిపించకపోతే అది అమ్మ భయం, దానికోసం మూడేళ్లు ఖర్చు పెట్టకు. కాంట్రాక్టు మీద సంతకం చేయి, అమ్మకు నేను చెబుతాను. కోరికే అయితే కౌంటీ వాళ్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సెకండ్ ఎలెవెన్‌లో ఆడతాను, మిగతా ఏడాది యూనివర్సిటీ నెట్స్‌లో ఉంటాను, మూడేళ్లకు వేసవి కాంట్రాక్టు ఇవ్వగలరా అని అడుగు. కుదరదంటే, మూడేళ్ల తర్వాత నన్ను మళ్లీ చూస్తారా అని అడుగు. దానికీ కుదరదంటే ఆ నష్టం నువ్వు భరించాల్సిందే, బ్రియర్లీ భరించాడు.

డరమ్‌లో చేరితే మాత్రం సగం మనసుతో ఉండకు. సెమినార్‌లో కూర్చున్నప్పుడు స్కోరు చూసుకోకు, క్రీజులో ఉన్నప్పుడు పరీక్ష గురించి తలచుకోకు. కౌంటీ వాళ్లకు జవాబివ్వడానికి ఇంకా వ్యవధి ఉందన్నావు. ఈ ఉత్తరం అమ్మకూ నాన్నకూ చదివి వినిపించు, వాళ్లు ఏమన్నారో, నువ్వేమనుకుంటున్నావో విడివిడిగా రాయి. ముందు నీ మాట రాయి, ఆ తర్వాత వాళ్లది.

ఇట్లు,
నీ పెదనాన్న